ముందు నడచినవారి వెనుక

వేసవి కడపట, తొలకరికి ముందు, భద్రాచలము అడవి పల్లెలలో కోయలు భూమి పండుగ చేసికొందురు. విత్తనములను వేల్పుల ముందుంచి మ్రొక్కి, ఊరి మగవారు విల్లంబులతో వేటకు బయలుదేరుట ఆ పండుగలో ఒక భాగము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత ఆ వేట చాలవరకు ఆచారముగానే మిగిలినది. అయినను అడవిలో నడచు తీరు మారలేదు. దారి తెలిసినవాడు ముందు, కుర్రవాడు వెనుక. ఆ కుర్రవానికి ఎవరును కూర్చుండబెట్టి పాఠము చెప్పరు. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండ అడుగెట్లు వేయవలెనో, గాలి ఎటునుండి వీచుచున్నదో, ముందున్నవాడు ఆగినప్పుడు తానెందుకు ఆగవలెనో, అదంతయు ముందువాని వీపు చూచి నేర్చుకొనును. ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ కుర్రవాడు ఇంటియొద్ద కూర్చుండి తన వంతు కొరకు ఎదురుచూచుట లేదు. వెనుక ఉన్నను వేటలోనే ఉన్నాడు.

హాకీ ఆటను గూర్చి ముచ్చటింపదలచి వేటతో ఆరంభించితినేమని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. అనుభవము పండిన పాత ఆటగాండ్ర వెనుక క్రొత్తవారిని ఎట్లు తయారుచేయవలెను అనునది ప్రతి జట్టునకును ఎదురగు ప్రశ్న. పాతవారిని ఎప్పుడు పంపివేయవలెను, క్రొత్తవారిని ఎప్పుడు దింపవలెను అని పత్రికలు వాదించుచుండును. నాకు తోచినంతవరకు ఆ ప్రశ్న అడుగు తీరులోనే పొరపాటున్నది. ఇద్దరును కొంతకాలము ఒకే మైదానములో ఉండవలెను. ఉన్నప్పుడెల్ల మనము గెలిచినామని చెప్పుటకు సాహసింపను గాని, ఆ వరుస తెగినప్పుడు ఎంత నష్టపడినామో మన హాకీ చరిత్రలో సాక్ష్యములు కలవు.

మన అడవికి సరిహద్దులు పలుమార్లు మారినవి. ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు నుండి విడివడినది. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. కాగితముమీద గీతలు ఎన్ని మారినను అడవి మాత్రము ఎడతెగక గోదావరి దాటి, బస్తరు మీదుగా, ఒడిశా కొండల వెంట ఛోటానాగపూరు వరకు సాగిపోవును. ఈ కొసన కోయలు మాటలాడునది గోండికి చెందిన భాష. ఆ కొసన ఉరావులు మాటలాడు కురుఖ్ కూడ ద్రావిడ భాషయే. అనగా దూరపు చుట్టములము. ఆ చుట్టముల ప్రాంతమైన సుందర్‌గఢ్, సిమ్డేగా జిల్లాలలో హాకీ అనునది మన పల్లెలలో కబడ్డీ వంటిది. వెదురు కర్రలతో పిల్లలు ఆడుదురు. ఊరికి ఊరికి పోటీలు పెట్టి గెలిచిన జట్టునకు మేకపోతునో గొఱ్ఱెపోతునో బహుమానముగా ఇచ్చెదరు. ఆ పోటీలకు అక్కడివారు పెట్టిన పేరు ఖస్సీ టోర్నమెంటు. ఊరి జట్టులో వయసు చూచువారుండరు. పదునాలుగేండ్ల కుర్రవాడును నలుబది యేండ్ల మేనమామయు ఒకే పక్షమున పరుగెత్తుదురు. మేకపోతు అందరికిని కావలసినదే గదా!

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సుకు వెళ్లిన తొలి భారత జట్టునకు నాయకుడైన జైపాల్ సింగ్ ఛోటానాగపూరు ముండా. సుందర్‌గఢ్ జిల్లాలోని సౌనామరా అను చిన్న పల్లెలో పుట్టిన దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్సులలో ఆడి, 2004లో ఏథెన్సులో జట్టునకు నాయకత్వము వహించి, 400కు పైగా అంతర్జాతీయ పోటీలాడినాడు. అదే సౌనామరాలో అతనిని చూచి పెరిగిన పిల్లవాడు అమిత్ రోహిదాస్. టోక్యోలోను, పారిస్‌లోను కాంస్య పతకము గెలిచిన జట్లలో రక్షణ పంక్తిలో నిలిచినవాడు అతడే. ఒక్క పల్లె నుండి ఇద్దరు! నీటిలోనో మట్టిలోనో మహిమ ఉన్నదని కొందరందురు. నేనట్లనుకొనను. ఆ పల్లెలో ముందు నడచినవాడొకడు కంటికి కనిపించినాడు, అంతే.

ఇక చరిత్రలోనికి పోదము. 1936 ఆగస్టు 15వ తేదీన బెర్లినులో ధ్యాన్‌చంద్ నాయకత్వమున మన జట్టు జర్మనీని 8–1 గోలులతో ఓడించినది. ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి 1940, 1944 ఒలింపిక్సులు జరుగనే లేదు. పండ్రెండేండ్ల విరామము! ఆటగాని జీవితములో అది ఒక తరము. దానిపైన 1947లో దేశ విభజన. జట్టులో ఆడవలసిన మేటి ఆటగాండ్రు కొందరు సరిహద్దునకు అవతల నిలిచినారు. బెర్లినులో ధ్యాన్‌చంద్ ప్రక్కన ఆడిన దారా 1948లో పాకిస్తాన్ జట్టునకు నాయకుడై లండనుకు వచ్చినాడు. మన పక్షమున బెర్లినులో ఆడినవాడు ఒక్కడును లేడు.

అటువంటి జట్టు ఎట్లు గెలిచినది? లండనులో 1948 ఆగస్టు 12వ తేదీన వెంబ్లీ మైదానమున బ్రిటనును 4–0తో ఓడించి, స్వతంత్ర భారతమునకు తొలి ఒలింపిక్ స్వర్ణము తెచ్చిన జట్టది. చరిత్ర పుస్తకములలో ఒక మూల పడియుండు విషయమొకటి ఇక్కడ చెప్పవలెను. లండనుకు కొన్ని నెలల ముందు, 1947 చివర, ఒక భారత జట్టు తూర్పు ఆఫ్రికా పర్యటనకు పోయినది. దానికి నాయకుడు ధ్యాన్‌చంద్. అప్పటికి అతనికి నలుబది దాటినవి. అతడు రానిదే పర్యటన వద్దని అక్కడివారు పట్టుబట్టినందున పోయినాడని చెప్పుదురు. ఆ ఓడలో అతనితో పోయినవారిలో కిషన్‌లాల్, కె. డి. సింగ్ బాబు ఉన్నారు. మరుసటి యేడు లండనులో నాయకుడు కిషన్‌లాల్, ఉపనాయకుడు బాబు. పెద్దాయన ఆడుటకు పోయినానని తాననుకొన్నాడో, నేర్పుటకు పోయినానని అనుకొన్నాడో మనకెందుకు? ఒక తరము పోయి మరియొక తరము వచ్చు నడుమ నెలల తరబడి వారు కలసి ఆడినారు, కలసి భుజించినారు. పండ్రెండేండ్ల అఖాతము మీద అది యొక చిన్న వంతెన.

ఆ లండను జట్టులోనే లెస్లీ క్లాడియస్ అను యువకుడుండెను. బిలాస్‌పూరులో పుట్టినవాడు, తొలుత అతని మనసు ఫుట్‌బాలు మీద. బెంగాల్ నాగపూర్ రైల్వే అనగా ఒకప్పుడు మన వాల్తేరు దాక వచ్చిన రైల్వేయే. ఆ రైల్వేలో పనిచేయు డికీ కార్ అను పెద్ద ఆటగాడు, 1932 లాస్ ఏంజిల్స్ స్వర్ణ జట్టులోనివాడు, క్లాడియస్ చేతికి హాకీ కర్ర నిచ్చి ఆటలోనికి దింపినాడు. క్లాడియస్ 1948, 1952, 1956లలో స్వర్ణములు గెలిచి, 1960లో రోములో తానే నాయకుడైనాడు. రైల్వేలు, సైన్యము, పోలీసు దళము, గనులు, ఇవియే ఆ దినములలో మన హాకీ పాఠశాలలు. కచేరీలో పై ఉద్యోగియు క్రింది ఉద్యోగియు సాయంకాలము ఒకే మైదానమునకు వచ్చుటచేత పాత క్రొత్త కలయిక దానంతట అదియే జరిగెడిది. సింగరేణి గనుల వలన రైలుదారి ఇల్లెందు, కొత్తగూడెముల దాక వచ్చిన మన ప్రాంతమువారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. భద్రాచలము రోడ్ అని పేరుగల స్టేషనులో దిగి, భద్రాచలము ఏదని వెదకుకొనిన యాత్రికులు మాత్రము ఆ రైలుదారిని ఇప్పటికిని క్షమించి యుండరు.

1960 రోము తుది పోటీలో పాకిస్తాన్ చేతిలో 1–0తో ఓడినాము. 1928 నుండి ఒలింపిక్సులో మనకది తొలి ఓటమి. ముసలివారిని పట్టుకొని వ్రేలాడినందుననే ఓడినామని అప్పుడు గోల పుట్టినది. అయినను 1964లో టోక్యోకు వెళ్లిన జట్టును చూడుడు. అందు 36 యేండ్ల ఉద్ధమ్ సింగ్ ఉన్నాడు, 21 యేండ్ల హర్‌బిందర్ సింగ్ ఉన్నాడు. గోలు ముందు 1956 నుండి కాపు కాయుచున్న శంకర్ లక్ష్మణ్ ఉన్నాడు. తుది పోటీలో మొహీందర్ లాల్ గోలు కొట్టగా 1–0తో పాకిస్తానుపై గెలిచి స్వర్ణము తిరిగి తెచ్చుకొన్నారు. ముసలివారందరిని ఇంటికి పంపియుండిన ఏమగునో ఊహింప నక్కరలేదు; అట్టి ప్రయోగము తరువాత జరిగినది, దానిని గూర్చి ముందు చెప్పెదను.

అంతకంటె ముందు కౌలాలంపూరు. 1975 ప్రపంచ కప్పు. ఈ కథ మా నాయనగారు నాకు చెప్పినట్లే చెప్పవలెనని ఆశ గాని, ఆయన చెప్పునప్పుడు గొంతులో జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానము వినిపించెడిది. హిందీ అంతగా రానివారు సైతము వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద క్రిక్కిరిసి కూర్చుండి, ఆ గొంతులోని హెచ్చుతగ్గులను బట్టియే బంతి ఎక్కడున్నదో గ్రహించిరట.

సెమీఫైనలులో మలేసియా మనపై 2–1 ఆధిక్యములో ఉన్నది. ఆట ముగియుటకు కొద్ది నిమిషములే మిగిలినవి. మన రక్షణ పంక్తిలో మైకేల్ కిండో ఉన్నాడు. సిమ్డేగా అడవులలో పుట్టి, 1972లో మ్యూనిక్ ఒలింపిక్సులో ఆడి, అర్జున పురస్కారము పొందినవాడు. బయట బల్ల మీద భోపాలుకు చెందిన అస్లమ్ షేర్ ఖాన్ కూర్చుండెను. వయసు ఇరువది యొకటో ఇరువది రెండో. అతని తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిను జట్టులోనివాడు. జట్టు మేనేజరు మూడు ఒలింపిక్ స్వర్ణముల బల్‌బీర్ సింగ్. ఆ రోజులలో ఒకసారి బయటికి పోయిన ఆటగాడు మరల లోనికి రాకూడదు. కనుక పెద్దవానిని తీయుట తిరిగిరాని నిర్ణయము. కిండోను పిలిచి అస్లమును పంపినారు. పెనాల్టీ కార్నరు వచ్చినది. అస్లమ్ మెడలోని తాయెత్తును ముద్దు పెట్టుకొని బంతిని కొట్టినాడు. గోలు! 2–2. అదనపు సమయములో హర్‌చరణ్ సింగ్ కొట్టిన గోలుతో మనము గెలిచినాము. మార్చి 15న తుది పోటీలో పాకిస్తానుపై 2–1తో కప్పు మనదైనది. విజయపు గోలు కొట్టినది ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్.

అస్లమ్ కథను అందరును చెప్పుకొందురు. నా మనసు మాత్రము కిండో వైపు పోవుచుండును. ఆట ఓడిపోవుచున్న వేళ, లక్షలమంది వినుచుండగా, పేరు పిలిపించుకొని మైదానము వదలి రావలసిన పెద్ద ఆటగాడు! ఆ నాలుగడుగులు ఎట్లు నడచినాడో రేడియోలో వినిపింపదు. కుర్రవారిని తయారుచేయుట అని తేలికగా అందుము. దాని ధరలో సగము పెద్దవాడు చెల్లించును.

1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో పచ్చిక పోయి కృత్రిమ మైదానము వచ్చినది. మన జట్టు ఏడవ స్థానమునకు పడిపోయినది. దీనికి కారణములుగా ధనము, సౌకర్యములు చెప్పబడును, నిజమే. కాని మరియొక కారణము కలదు. పచ్చికమీద బంతి ఎగురును, ఆగును, మెలికలు తిరుగును. దానిని కర్రతో మచ్చిక చేయుటయే మనవారి విద్య. క్రొత్త చాపమీద బంతి తిన్నగా, వేగముగా పోవును. ఒక్క రాత్రిలో పెద్దల విద్యలో చాల భాగము పనికిరానిదై కూర్చున్నది. ముందు నడచువానికే దారి తెలియనిచో వెనుకవాడు ఏమి నేర్చుకొనును? 1980లో మాస్కోలో, పలు దేశములు రాని పోటీలో, భాస్కరన్ నాయకత్వమున స్వర్ణము వచ్చినది. ఇరువది యేండ్ల మహమ్మద్ షాహిద్ కర్ర నైపుణ్యము ప్రపంచమునకు తెలిసినది. ఆపైన చాలకాలము చీకటి.

ఆ చీకటిలో మనకొక తెలుగు దీపము వెలిగినది. హైదరాబాదుకు చెందిన ముకేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులలో ఆడినాడు. 1998 డిసెంబరులో బ్యాంకాకు ఆసియా క్రీడలలో ధన్‌రాజ్ పిళ్ళై నాయకత్వమున, 32 ఏండ్ల తరువాత మనకు హాకీ స్వర్ణము లభించినది. ఆ జట్టులో ముకేష్ వంటి అనుభవజ్ఞులును, దిలీప్ తిర్కీ వంటి యువకులును కలసియున్నారు. నేనప్పుడు ఖమ్మములో కళాశాల విద్యార్థిని. దక్షిణ కొరియాతో తుది పోటీ పెనాల్టీ స్ట్రోకుల దాక పోయినది. గోల్‌కీపరు ఆశిష్ బల్లాల్ బంతిని ఆపినాడని వినిన క్షణమున మా గదిలో లేచిన కేక పై వాటాలోని ఇంటివారిని నిద్ర లేపినది.

ఆ తరువాత జరిగినది ఇప్పటికిని మింగుడు పడదు. కొన్ని వారములకే, పాకిస్తానుతో ఆడవలసిన పోటీలకు ధన్‌రాజ్, బల్లాల్ సహా పలువురు విజేతలను జట్టు నుండి తప్పించినారు. క్రొత్తవారికి అవకాశమట! అదియే నేను పైన చెప్పిన ప్రయోగము. రెండేండ్లకు సిడ్నీ ఒలింపిక్సులో, సెమీఫైనలు గుమ్మమున, పోలండుపై ఒక గోలు ఆధిక్యమును ఆట చివరి నిమిషములలో చేజార్చుకొని ఇంటిముఖము పట్టినాము. ఈ రెంటికిని సూటియైన సంబంధము చూపలేను. ధన్‌రాజును, ముకేషును తిరిగి పిలిచి సిడ్నీకి తీసికొనిపోయిన మాటయు నిజమే. కాని వరుసను ఒకసారి త్రెంపి ముడివేసిన త్రాడు ముడి దగ్గర బలహీనముగానే ఉండును.

1992 ప్రాంతమున ఆట నియమములలో ఒక మార్పు వచ్చినది. బయటికి పోయినవాడు మరల లోనికి రావచ్చును, ఎన్నిసార్లైనను. కిండోకు తిరిగిరాని నిర్ణయమైనది నేడు రెండు నిమిషముల విశ్రాంతి మాత్రమే. ఈ మార్పు కుర్రవారి పాలిటి వరము. పెద్ద పోటీలో ఐదు నిమిషములు ఆడి, బయటికి వచ్చి, చెమట తుడుచుకొనుచు పెద్దవాని ఆట చూచి, మరల పోవచ్చును. 2010 మహిళల ప్రపంచ కప్పులో పదునైదేండ్ల రాణీ రాంపాల్ తన అక్కల వయసువారి నడుమ ఏడు గోలులు కొట్టి, పదునొకండేండ్ల తరువాత టోక్యోలో తానే నాయకురాలైనది.

ఈ వరము అంతగా అందనిది ఒక్కరికే, గోల్‌కీపరునకు. గోలు ముందు చోటు ఒక్కటే. వెనుక ఉన్నవానికి ఐదు నిమిషములు కూడ దొరకవు. కేరళకు చెందిన శ్రీజేష్ 2006లో భారత జట్టులో అడుగుపెట్టినాడు గాని, చోటు స్థిరపడుటకు ఇంచుమించు ఐదేండ్లు పట్టినది. టోక్యోలో 2021 ఆగస్టు 5న, జర్మనీపై 5–4తో మనము ముందున్న వేళ, చివరి క్షణములలో వచ్చిన పెనాల్టీ కార్నరును ఆపి, 41 ఏండ్ల తరువాత పతకము తెచ్చినవాడు అతడే. అతని వెనుక క్రిషన్ పాఠక్ ఏండ్ల తరబడి నిలిచినాడు. ఇతర పోటీలలో ఇద్దరిని క్వార్టరుకొకరుగా ఆడించుట మంచి ఏర్పాటు. ఒలింపిక్సులో మాత్రము టోక్యోకును పారిస్‌కును పాఠక్ అదనపు ఆటగాడుగానే వెళ్లినాడు. 2024లో పారిస్ కాంస్యముతో శ్రీజేష్ ఆట విరమించినాడు. జూనియర్ జట్టు శిక్షణ అతనికి అప్పగించినారు.

మన రజని కథ ఇంతకంటె కఠినమైనది. చిత్తూరు జిల్లాలోని పల్లె నుండి వచ్చిన రజని ఎతిమర్పు భారత మహిళా జట్టు గోల్‌కీపరు. ఆమె ముందు నిలిచినది హర్యానాకు చెందిన సవితా పూనియా, ప్రపంచములో మేటి గోల్‌కీపర్లలో ఒకతె. ఇద్దరును 1990లోనే పుట్టినారు. పెద్దది విరమించిన పిదప చిన్నదాని వంతు వచ్చునను ఓదార్పు ఇక్కడ లేదు. 2018 ప్రపంచ కప్పు, అదే ఏటి ఆసియా క్రీడలు, 2022 కామన్‌వెల్తు క్రీడలు, ప్రతి చోటను జట్టులో ఉన్నది. గోలు ముందు సవిత నిలిచినది. ప్రతి దినము అభ్యాసములో వందల బంతులు ఆమె కాళ్లకు, గుండెకు తగిలినవి. ఆ దెబ్బలకు లెక్క వ్రాయువారు లేరు. జట్టులోని ఫార్వర్డులందరు గురి నేర్చుకొన్నది ఆమె మీదనే గదా! ఈలోగా మణిపూరుకు చెందిన బిచ్చూ దేవి వంటి పదేండ్లు చిన్నవారు వెనుకనుండి వచ్చినారు. వరుస మధ్యలో చిక్కుకొన్నవారి సంగతి శిక్షణ గ్రంథములలో కనబడదు.

2024 జనవరిలో మస్కట్టులో ఐదుగురు ఆటగాండ్ర హాకీకి తొలి మహిళా ప్రపంచ కప్పు జరిగినది. భారత జట్టు నాయకురాలు రజని. తుది పోటీలో హాలెండు చేతిలో 7–2తో ఓడి రెండవ స్థానమున నిలిచినారు. ఆ పోటీలను గూర్చి మన పత్రికలలో పడినది నాలుగు పంక్తులు. నేను వానిని కత్తిరించి దాచుకొన్నాను.

పాల్వంచకు సమీపమున కిన్నెరసాని యొద్ద గిరిజన బాలుర క్రీడా పాఠశాల యున్నది. మన అడవి పిల్లలకు వేగము, ఓర్పు, గురి పుట్టుకతో వచ్చునని సభలలో పెద్దలు పొగడుచుందురు. పొగడ్త బాగుగనే ఉన్నది. సౌనామరా పిల్లలకు కూడ అవి ఉన్నవి. అదనముగా, సెలవులకు ఇంటికి వచ్చి మట్టి మైదానములో వారితో ఆడిన దిలీప్ వంటివారున్నారు. హాకీ కర్ర అరుదైన మన పల్లెలలో అట్టివాడు మొదట ఒకడు రావలెను.

మొన్న ఒక కార్యక్రమమునకు ధ్వని ముద్రణ కొరకు గోదావరి ఒడ్డున ఒక కోయ పల్లెకు పోతిని. సాయంకాలము వాలీబాలు సాగుచున్నది. ఒక ప్రక్క అటవీశాఖలో కావలి పని చేయు నడివయసు మనిషి, అతనితో పెండ్లియైన పడుచువారు నలుగురు. గీత బయట పండ్రెండేండ్ల పిల్లవాడు బంతి అందించుచుండెను. చీకటి పడుచుండగా ఒకడు పశువులను తోలుకొనుటకు వెళ్లిపోయినాడు.

“రారా అల్లుడా, నా యెనకమాల నిలబడు. బంతి వస్తే నేనొదిలేస్త, నువ్వందుకో,” అన్నాడు కావలి మనిషి.

పిల్లవాడు చెప్పులు విడిచి గీత దాటి లోనికి పోయినాడు.